స్కీ మీద బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు) కంపెనీ గీత కంటే 2 సెం.మీ. ముందుకు ఉంది: అలాగే వాడుకోవాలా, మార్పించాలా?

పెన్నహోబిలం (అనంతపురం):

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. గుల్మార్గ్‌లో ఐఐఎస్ఎం (స్కీయింగ్, పర్వతారోహణ నేర్పే సంస్థ) వాళ్ళ బేసిక్ కోర్సు చేసినప్పటి నుంచి నాకు స్కీయింగ్ పిచ్చి పట్టింది, చలికాలం వస్తే మనసంతా అటే లాగుతుంది. మన ఊరి మీదుగా పోయే 44వ నంబరు హైవే అటు కొస శ్రీనగర్‌లోనే ఉందని తెలిశాక ఆ రోడ్డెక్కినప్పుడల్లా అదే గుర్తొస్తుంది.

ఇన్నాళ్ళూ అక్కడ అద్దె స్కీలతోనే గడిపాను. జర్మనీలో ఉద్యోగం మానేసి తిరిగొచ్చిన మా బావ స్నేహితుడి దగ్గర పోయినేడు ఒక జత కొన్నాను. ఆల్ మౌంటెన్ రకం (అన్ని రకాల మంచు మీదా వాడేది), పొడవు 177 సెం.మీ., నడుము వెడల్పు 92 మి.మీ. బూట్లు మాత్రం నావే, సోల్ పొడవు 305 మి.మీ. అని మడమ పక్కన అచ్చు ఉంది. వీటితో ఫిబ్రవరిలో గుల్మార్గ్ వెళ్ళొచ్చాను. కింద చదును చేసిన వాలు మీద మలుపులు చాలా తేలిగ్గా వచ్చాయి, అద్దె స్కీల కంటే కూడా. కానీ పైన గొండోలా మొదటి దశ ఆగే కొంగ్‌డూరి దగ్గర కొత్త మంచు పడ్డ రోజు మాత్రం ముందు కొనలు మునిగిపోతూనే ఉన్నాయి, వాటిని పైకి లేపాలని వెనక్కి వాలితే తొడలు మండిపోయాయి. మలుపు చివర తోక (స్కీ వెనక కొస) వదలకుండా పట్టేసుకుంటుంది, నేను అనుకున్న దాని కంటే లోపలికి తిరిగిపోతున్నాను. వేగంగా నేరుగా పోతే ముందు భాగం అదురుతుంది.

ఇంటికొచ్చాక చూస్తే, బూటు పక్కన ఉండే మధ్య గుర్తు, అది కూర్చోవాల్సిన చోటని కంపెనీ స్కీ మీద వేసిన గీతకు దాదాపు 2 సెం.మీ. ముందు కూర్చుంటోంది. ఇంకో సంగతి, ఇప్పటి స్క్రూల వెనక పాత బెజ్జాలు పూడ్చిన గుర్తులు కూడా ఉన్నాయి. నా ఇబ్బందికి ఇదే కారణమా, లేక నేను నిలబడే తీరులోనే తేడా ఉందా? మార్చాలంటే ఇక్కడ మాకు తెలిసిన కార్పెంటర్ ఒకాయన చాలా నాణ్యంగా పని చేస్తాడు, ఆయన చేత బెజ్జాలు వేయించొచ్చా? డిసెంబర్ లోపు తేల్చుకోవాలి, దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.

బురుజు_నీడ (కర్నూలు):

తమ్ముడూ, కొనలు మునగడం, తోక పట్టేయడం, నేరుగా పోతే అదరడం, ఈ మూడూ బైండింగ్ ముందుకు ఉన్నప్పుడు కనిపించేవే. చదును వాలు మీద మలుపు తేలిగ్గా రావడం కూడా అందులో భాగమే. అంటే ఒకే కారణం నీకు ఒకచోట మేలు చేస్తోంది, ఇంకోచోట ఇబ్బంది పెడుతోంది.

ముందు ఆ గీత గురించి చెబుతాను, చాలామంది అక్కడే పొరబడతారు. గీత అంటే స్కీకి నడిమధ్య అనుకుంటారు. టేపు పెట్టి కొలిస్తే అసలు మధ్య సాధారణంగా గీతకు ముందే ఉంటుంది. చదును మంచు మీద అంచులతో కోసుకుంటూ పోయే కార్వింగ్ స్కీలకు గీత నడిమధ్య నుంచి ఓ 10 సెం.మీ. వెనక్కి ఉంటుంది, చదును చేయని మంచు మీద తిరిగే ఫ్రీరైడ్ రకాలకు 6 నుంచి 9 దాకా, పార్కులో ఎగురుతూ వెనక్కి కూడా జారే ట్విన్ టిప్‌లకు సున్నా నుంచి 4 లోపు. కంపెనీని బట్టి కొంచెం మారుతుంది కానీ వరస ఇదే. కాబట్టి గీత నుంచి ఎంత అని ఒక్కటే కాకుండా నడిమధ్య నుంచి ఎంత అనేది కూడా కొలుచుకో.

ఇక మలుపు ఎలా వస్తుందో చూడు. స్కీ నడుము దగ్గర సన్నగా, రెండు కొసల దగ్గర వెడల్పుగా ఉంటుంది కదా, దాన్ని అంచు మీదికి వంచి బరువు వేస్తే మధ్యభాగం మంచులోకి దిగి స్కీ మొత్తం విల్లులా వంగుతుంది, ఆ వంపు వెంటే మనం తిరుగుతాం. ఆ బరువు ఎక్కడ పడుతోంది అన్నదే అసలు విషయం. బూటు ముందుకు జరిగితే ముందు భాగం త్వరగా మంచును పట్టుకుంటుంది, మలుపు వెంటనే మొదలవుతుంది. పైగా బూటు నడిమధ్యకు దగ్గరవుతుంది కాబట్టి పాదం తిప్పగానే ముందూ వెనకా సమానంగా తిరుగుతాయి. గుట్టల మధ్య, చెట్ల మధ్య గబగబా తిప్పుకోవడానికి ఇది చాలా హాయి. కానీ నీ వెనక తోక పొడవు పెరిగింది, ఆ తోక ఇంకా అదే వంపు మీద పోతూ ఉంటుంది, అందుకే మలుపు ముగించాలనుకున్నప్పుడు వదలదు.

మెత్తటి మంచులో సంగతి వేరు. అక్కడ స్కీ తేలాలి, తేలాలంటే బూటు ముందు తగినంత పొడవు ఉండాలి. ఎద్దుల బండికి బుడ్డల మూటలు ఎత్తేటప్పుడు చూసే ఉంటావు, బరువు ఇరుసుకు ముందుకు పడితే కాడి ఎద్దుల మెడ మీద కూర్చుంటుంది, వెనక్కి పడితే నొగలు పైకి లేస్తాయి, అనుభవం ఉన్న పెద్దాయన ఒకే ఒక్క మూట జరిపి బండిని సరిచేస్తాడు. స్కీ మీద మూటవి నువ్వే. 2 సెం.మీ. ముందుకు కూర్చున్నావు కాబట్టి ముందు కొన మీద భారం పడి అది మునుగుతోంది. దాన్ని లేపడానికి నువ్వు నడుము వెనక్కి వేస్తున్నావు, బరువంతా తొడల మీదికి వస్తోంది, మంటకు కారణం అదే. నీలో బలం తక్కువై కాదు.

వెనక్కి జరిపితే అన్నీ మంచే అనుకోకు. గీత దాటి వెనక్కి పోతే ముందు భాగం బరువెక్కినట్టు ఉంటుంది, కాలి ముందెముకను బూటు నాలుకకు గట్టిగా ఆనించి నొక్కితే గానీ మలుపు మొదలుకాదు, తోక పొట్టిదైపోయి ఒక్కసారి వెనక్కి వాలితే ఆనుకోవడానికి ఏమీ ఉండదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మామూలుగానే వెనక్కి వాలతారు, వాళ్ళకు అది ఇంకా కష్టం.

గుల్మార్గ్ పక్కనే పెరిగిన ఆరిఫ్ ఖాన్ 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో స్లాలమ్ (దగ్గర దగ్గర మలుపుల పోటీ), జెయింట్ స్లాలమ్ (దూరం దూరం మలుపులది) రెండింట్లోనూ దిగాడు. ఆ రెండింటికీ స్కీలే వేరు, ఆ స్థాయిలో పురుషుల స్లాలమ్‌కు కనీసం 165 సెం.మీ., జెయింట్ స్లాలమ్‌కు కనీసం 193. మలుపు తీరు మారితే సామానే మారిపోతుంది. నువ్వు ఒకే జతతో అన్నీ చేయాలనుకుంటున్నావు కాబట్టి ఎక్కువగా ఎక్కడ తిరుగుతావో దాన్ని బట్టి తేల్చుకో. కింది వాలు మీదే ఎక్కువ ఉంటావంటే ఇప్పుడున్నది అంత చెడ్డదేం కాదు. పైన మెత్తటి మంచు ఉండే అఫర్వత్ కొండ వైపు పోవాలనుకుంటే మాత్రం గీత మీదికి తెచ్చుకోవడమే నయం.

గండికోట_అంచు (కడప):

బురుజు గారు చెప్పింది బాగుంది కానీ నేను ఒక విషయంలో ఒప్పుకోను. లక్షణాలు చూసి వెంటనే బైండింగ్ మీద వేయడం తొందరపాటు. నేను ఫిజియోథెరపిస్టుని, స్కీయింగ్ కూడా చేస్తాను, తొడలు మండుతున్నాయని చెప్పేవాళ్ళలో చాలామందికి తేడా బూటులోనే ఉంటుంది.

తమ్ముడూ, బైండింగ్‌కి ముందుకీ వెనక్కీ ఉండే జాగా ఒకటి, ఎత్తు ఇంకొకటి. వేళ్ళ వైపు కంటే మడమ వైపు కొన్ని మిల్లీమీటర్లు ఎత్తు ఉంటుంది, దాన్ని డెల్టా అంటారు. స్కీలతోనే కొండెక్కే టూరింగ్ వాళ్ళు వాడే పిన్ బైండింగ్‌లలో ఇది 10 మి.మీ. దాటినవి కూడా ఉన్నాయి. నీ 305 సోల్ మీద 5 మి.మీ. తేడా అంటే దాదాపు 1 డిగ్రీ. వినడానికి చిన్నదే, కానీ బూటు లోపల పాదం కింద ఉండే వాలు, బూటు గొట్టం ముందుకు వంగి ఉండే కోణం, ఇవన్నీ దానికి తోడవుతాయి. మొత్తం ఎక్కువైతే శరీరం ముందుకు తోసినట్టవుతుంది, పడిపోకుండా మనకు తెలియకుండానే పిరుదులు వెనక్కి వేస్తాం. చూసేవాళ్ళకు వెనక్కి కూర్చున్నట్టు కనిపిస్తుంది, అసలు కారణం మడమ ఎత్తు. అలాంటి మనిషికి బైండింగ్ ఎటు జరిపినా ఊరికే డబ్బు దండగ.

ఇంట్లోనే చూసుకోవచ్చు. బూట్లు తొడుక్కుని బకిళ్ళు మామూలుగా బిగించి చదునైన నేల మీద నిలబడు. పాదం కింద బరువు ఎక్కడ తెలుస్తోంది? తర్వాత ఏదైనా పాత దుప్పటి పరిచి స్కీల మీద ఎక్కి అలాగే నిలబడు, కళ్ళు మూసుకుని చీలమండ వంచుతూ కొంచెం కిందికి దిగి పైకి లే. నేల మీద బాగుండి స్కీ మీదికి ఎక్కగానే వేళ్ళ మీదికి తోసినట్టు అనిపిస్తే డెల్టా చూడాలి. రెండు చోట్లా ఇబ్బందిగా ఉంటే బూటు చూడాలి. రెండు చోట్లా పాదం మధ్యలో హాయిగా ఉంటే అప్పుడు బురుజు గారు చెప్పిందే నిజం.

బూటు వదులుగా ఉందేమో కూడా చూడు. లోపలి మెత్త తీసేసి, ఉత్త ప్లాస్టిక్ గుల్లలో పాదం పెట్టి వేళ్ళు ముందుకు ఆనిస్తే మడమ వెనక ఒకటిన్నర, రెండు సెం.మీ. జాగా ఉండాలి, అంతకంటే ఎక్కువ ఉంటే పెద్ద సైజు. వదులు బూటులో ఎంత నొక్కినా ఆ ఒత్తిడి స్కీకి చేరదు, మనిషి భయపడి వెనక్కి వాలిపోతాడు.

పెన్నహోబిలం (అనంతపురం):

అక్కా, అన్నా, ఇద్దరికీ చాలా థాంక్స్. మీరు చెప్పినట్టే చేశాను. నేల మీదా బాగానే ఉంది, స్కీల మీదా బాగానే ఉంది, బరువు పాదం మధ్యలోనే తెలుస్తోంది. గుల్లలో మడమ వెనక ఒకటిన్నర సెం.మీ. ఉంది.

కొలతలు ఇవి. టేపు తోక నుంచి ముందు కొన దాకా సూటిగా పట్టుకుంటే 175.5 సెం.మీ., అంటే నడిమధ్య తోక నుంచి 87.75. కంపెనీ గీత తోక నుంచి 80.75 దగ్గర ఉంది, అంటే మధ్యకు 7 వెనక. నా బూటు గుర్తు 82.75 దగ్గర, అంటే మధ్యకు 5 మాత్రమే వెనక. రెండు స్కీలకూ ఇదే లెక్క. అమ్మినాయనకు ఫోన్ చేసి అడిగితే ఆయన బూటు సోల్ 325 అట, పార్కులో కూడా తిరిగేవాణ్ణి కాబట్టి కొంచెం ముందుకు వేయించుకున్నాను అన్నాడు. కానీ 2 సెం.మీ. కాదు, 1 మాత్రమే వేయించాను అంటున్నాడు. ఆ లెక్క నాకు అర్థం కావడం లేదు.

గుత్తికోట (గుత్తి, ఇప్పుడు సాల్ట్ లేక్ సిటీ):

ఆ లెక్క నేను చెబుతా. మాది గుత్తి, ఇక్కడ శీతాకాలం శని ఆదివారాలు ఒక స్కీ షాపులో టెక్నీషియన్‌గా చేస్తున్నాను, సెకండ్ హ్యాండ్ స్కీలతో వచ్చేవాళ్ళ దగ్గర ఇది తరచూ చూస్తాను.

నీ దానిలాంటి మామూలు బైండింగ్‌లో వేళ్ళ వైపు ముక్క స్క్రూలతో ఒకచోట బిగిసి ఉంటుంది, మడమ ముక్క ఒక్కటే పట్టా మీద ముందుకీ వెనక్కీ జరుగుతుంది. ఆయన బూటు 325, నీది 305. నీకు సరిపోవాలంటే మడమ ముక్కను 20 మి.మీ. ముందుకు తెచ్చి ఉంటారు, వేళ్ళ ముక్క కదల్లేదు. అప్పుడు బూటు మధ్య గుర్తు అందులో సగం, అంటే 10 మి.మీ. ముందుకు వస్తుంది. ఆయన వేయించుకున్న 1 సెం.మీ., నీ బూటు పొట్టిదవడం వల్ల వచ్చిన 1 సెం.మీ., మొత్తం 2. ఆయన చెప్పింది నిజమే, నువ్వు కొలిచిందీ నిజమే. పొడవు బూటు వాళ్ళు పొట్టి బూటు వాళ్ళ స్కీలు కొంటే దీనికి తిరగబడి, గుర్తు వెనక్కి పోతుంది.

ఇక్కడ మధ్య గుర్తు కంటే ముఖ్యమైనది ఒకటి ఉంది, అది నీ మోకాలికి సంబంధించింది. ఆ బైండింగ్ మీద డిన్ అంకె ఉంటుంది కదా, పడినప్పుడు ఎంత బలానికి బూటును వదిలేయాలో చెప్పేది, అది బరువు, ఎత్తు, వయసు, స్కీ చేసే తీరు, సోల్ పొడవు చూసి పెడతారు. మిగతావన్నీ ఒకటే అయినా సోల్ పొట్టిదైతే అంకె పెరుగుతుంది. ఆయన అంకెతో నువ్వు తిరిగి ఉంటే అది నీది కాదు, వెంటనే చూపించు. మడమ ముక్క జరిపినప్పుడు ఫార్వర్డ్ ప్రెషర్ (మడమ ముక్క బూటును ముందుకు నొక్కే ఒత్తిడి) గుర్తు కూడా సరైన చోట ఉందో లేదో చూడాలి, అది తప్పితే డిన్ ఎంత సరిగ్గా పెట్టినా బైండింగ్ చెప్పినట్టు వదలదు. షాపులు ఈ పని చేయడానికి ఐఎస్ఓ 11088 అనే ప్రమాణం ఉంది, పద్ధతిగా చేసేచోట మెషీన్ మీద పెట్టి వదిలే బలాన్ని కొలిచి ఇస్తారు. బూటు సోల్ రకం కూడా అడుగు, పాత ఆల్పైన్ సోల్, నడవడానికి వీలుగా చేసిన గ్రిప్‌వాక్ సోల్ వేరు వేరు, అన్ని బైండింగ్‌లూ రెండింటినీ తీసుకోవు.

కార్పెంటర్ విషయం. ఆయన చేతి పని ఎంత మంచిదైనా దీనికి వద్దు. ఒక్కో బైండింగ్ మోడల్‌కి బెజ్జాల అమరిక వేరు, దానికి జిగ్ అని లోహపు చట్రం ఉంటుంది, అది గీత మీద కూర్చోబెట్టి డ్రిల్లు చేస్తారు. డ్రిల్లు బిట్టు కూడా మామూలుది కాదు, నిర్ణీత లోతు దగ్గర ఆగిపోయేలా గట్టు ఉంటుంది. లోపల లోహపు పొర ఉన్న స్కీలకు 4.1 మి.మీ., లేనివాటికి 3.5, లోతు సాధారణంగా 9 మి.మీ. స్కీ మీదే చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది, చూడు. ఒక మిల్లీమీటర్ వంకర పోయినా వేళ్ళ ముక్కా మడమ ముక్కా ఒకే వరసలో ఉండవు, లోతు ఎక్కువైతే అడుగు పొర దాకా పోతుంది, లోపలికి నీళ్ళు దిగితే స్కీ పోయినట్టే.

ఇంకో చిక్కు, కొత్త బెజ్జం మధ్యకీ పాత బెజ్జం మధ్యకీ కనీసం 1 సెం.మీ. దూరం ఉండాలని లెక్క. నువ్వు 1 సెం.మీ. వెనక్కి జరపాలంటే అది సరిగ్గా అంచు మీద పడుతుంది. 2 సెం.మీ. జరిపి గీత మీదికి తెస్తే ఇప్పటి బెజ్జాల నుంచి దూరం బాగానే ఉంటుంది, కానీ వెనక ఇంకో వరస పూడ్చినవి ఉన్నాయన్నావు, వాటికి తగులుతుందేమో కొలిస్తే గానీ చెప్పలేం. జత బెజ్జాలు మూడు సార్లు పడితే ఆ చోట స్కీ బలహీనపడుతుంది, నేనైతే నాలుగో సారి అసలు ఒప్పుకోను.

అందుకే డ్రిల్లు దాకా పోకముందు పరీక్ష చేసి చూడు. అద్దె స్కీల్లో పట్టాల మీద రెండు ముక్కలూ జరిగే బైండింగ్‌లు ఉంటాయి. పట్టా మీద అంకెలు సోల్ పొడవులో రాసి ఉన్న రకమైతే, నీ 305 బూటుకు రెండు ముక్కలూ 305 దగ్గర పెడితే గీత మీద ఉన్నట్టు. వేళ్ళ ముక్క 325 దగ్గర, మడమ ముక్క 285 దగ్గర పెడితే మొత్తం 1 సెం.మీ. ముందుకు. తిరగేసి పెడితే 1 సెం.మీ. వెనక్కి. ఆ పని షాపు వాళ్ళ చేతే చేయించి, ప్రతిసారీ ఫార్వర్డ్ ప్రెషర్ చూడమను. ఒకే రోజు, ఒకే వాలు, ఒకే మంచు మీద మూడు రకాలూ తిరిగి చూడు, అదీ నీ స్కీకి దగ్గర పొడవు, దగ్గర నడుము ఉన్న జత మీద. పొద్దున గట్టి మంచు మీద ఒకటి, మధ్యాహ్నం కరిగిన మంచు మీద ఇంకొకటి చేస్తే ఏదీ తేలదు.

కేసీ_కాలువ (కర్నూలు):

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. నేనూ మా చెల్లీ ఈ జనవరిలో మొదటిసారి కోర్సుకు వెళ్దామని చూస్తున్నాం, గుల్మార్గ్ గానీ మనాలిలో అటల్ బిహారీ వాజ్‌పేయి ఇన్‌స్టిట్యూట్ గానీ. అద్దె స్కీలతో పోయే కొత్తవాళ్ళం ఇదంతా చూసుకోవాలా?

గండికోట_అంచు (కడప):

జరపడం గురించి అసలు ఆలోచించొద్దమ్మా. మీ బూటు మడమ పక్కన ఉన్న సోల్ అంకె, బైండింగ్ రెండు ముక్కల దగ్గరా పెట్టిన అంకె ఒకటేనా అని మాత్రం చూసుకోండి, హడావిడిలో ముందు ఎవరికో పెట్టిన అంకెతోనే ఇచ్చేయడం జరుగుతూ ఉంటుంది. మీ బరువు, ఎత్తు, వయసు సరిగ్గా చెప్పండి, బరువు తగ్గించి చెప్పొద్దు, డిన్ దాన్ని బట్టే పెడతారు. బూటు గట్టిగా పట్టేది అడిగి తీసుకోండి, చెప్పు సైజు కాదు, పాదం పొడవు సెం.మీ.లలో కొలుచుకుని వెళ్ళండి.

పెన్నా గారూ, మీ ఇంటి పరీక్ష చూశాక నేను ఒప్పుకుంటున్నాను, మీకు బూటు సమస్య లేదు, బైండింగ్ ముందుకు ఉండడమే.

బురుజు_నీడ (కర్నూలు):

గుత్తి అబ్బాయి చెప్పిన సగం లెక్క అందరూ రాసుకోవాల్సినది. తమ్ముడూ, ఆ పాత పూడ్చిన వరస ఇప్పటి స్క్రూల నుంచి ఎంత వెనక ఉందో కొలిచి ఇక్కడ పెట్టు, దాన్ని బట్టి గీత మీదికి రావడం వీలవుతుందో లేదో ఇప్పుడే తేలుతుంది.

పెన్నహోబిలం (అనంతపురం):

కొలిచాను అన్నా. వేళ్ళ వైపు పూడ్చినవి ఇప్పటి స్క్రూల కంటే 3.5 సెం.మీ. వెనక ఉన్నాయి. 2 సెం.మీ. వెనక్కి జరిపితే కొత్తవి ఇప్పటివాటికి 2 సెం.మీ., పాతవాటికి 1.5 సెం.మీ. దూరంలో పడతాయి. మడమ వైపు పట్టా కింద ఉన్నాయి, విప్పితే గానీ కనిపించవు, నాకు నేనుగా విప్పడం లేదు.

డిన్ మాత్రం భయమేసింది, అది అమ్మినాయన పెట్టుకున్నదే. అక్కడికి చేరగానే ముందు అది సరిచేయించే దాకా వీటి మీద ఎక్కను. తర్వాత కొంగ్‌డూరిలో అద్దె జత మీద మూడు రకాలూ చూసి, గీత మీద నచ్చితే అప్పుడు జిగ్ ఉన్నచోటే డ్రిల్లు చేయిస్తాను.

గుత్తికోట (గుత్తి, ఇప్పుడు సాల్ట్ లేక్ సిటీ):

1.5 అంటే సరిపోతుంది. విప్పినప్పుడు మడమ వైపు కూడా అంతే దూరం ఉందో లేదో నీ కళ్ళతో చూసుకుని, ఆ తర్వాతే డ్రిల్లు పెట్టనివ్వు. ఇప్పటి బెజ్జాలు ప్లగ్గులు పెట్టి నీళ్ళు దిగని జిగురుతో మూయమను, కొత్త స్క్రూలకు కూడా జిగురు వేయమను. నీ బూట్లు వెంట తీసుకెళ్ళు, వాళ్ళు అంకె చూసి కాకుండా బూటునే పెట్టి గుర్తు చూసుకుంటేనే సరిగ్గా కూర్చుంటుంది.